ఆరుద్ర పై పొరల్లో ఏం జరుగుతోంది?

(బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఏప్రిల్ నెల ఆదివారం సాయంత్రం, అక్కడి తెలుగువారి సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరుసలోకి వచ్చేయండి, వెనక ఫ్యాన్ చప్పుడుకి నా గొంతు వినపడదు.

కార్తెల పేర్లు మనలో చాలామందికి వచ్చు. రోహిణి కార్తె అంటే రోళ్ళు పగిలే ఎండ. ఆరుద్ర కార్తె అంటే తొలకరి, చేలల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు. కానీ ఆకాశంలో రోహిణి ఎక్కడుందో చూపించమంటే చేతులు లేవవు. అందులో తప్పేం లేదు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే అది ఆ కార్తె కాబట్టి, ఆ రోజుల్లో ఆ నక్షత్రం పగటి వెలుగులో కలిసిపోతుంది. ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనపడదు!

ఇవాళ మాత్రం మన అదృష్టం బాగుంది. ఎనిమిది గంటలకి టెర్రస్ ఎక్కితే పడమట ఆరుద్ర ఉంటుంది, దానికి ఇంకాస్త కిందుగా రోహిణి. తూర్పున స్వాతి, చిత్త పైకి వస్తుంటాయి. ఓపిక ఉన్నవాళ్ళు పదకొండు దాటాక చూస్తే ఆగ్నేయంలో జ్యేష్ఠ. ఈ అయిదింట్లో నాలుగు నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. చిత్త ఒక్కటే నీలం కలిసిన తెలుపు. ఆ నాలుగూ ముసలి నక్షత్రాలు, ఉబ్బిపోయినవి. స్వాతి మన సూర్యుడికి 25 రెట్లు, రోహిణి 45 రెట్లు, ఆరుద్ర, జ్యేష్ఠ అయితే వందల రెట్లు వెడల్పు. వాటి బయటి భాగంలో లోతుదాకా వాయువు పైకీ కిందకీ తిరగబడుతూనే ఉంటుంది. చిత్త బయటి పొరల్లో అలాంటి కదలిక దాదాపు లేదు. స్కూల్లో ఉష్ణ సంవహనం అని చదువుకున్నాం కదా, ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి కన్వెక్షన్. ఇవాళ్టి మాట దాని గురించే.

ముందు సూర్యుడితో మొదలుపెడదాం, ఎందుకంటే మనకి దగ్గరగా కనిపించే నక్షత్రం అదొక్కటే. కేంద్రంలో పుట్టిన శక్తి ఎక్కువ దూరం వెలుగు రూపంలోనే, అణువణువుకీ తగిలి దారి మారుతూ, మెల్లగా బయటికి వస్తుంది. వ్యాసార్థంలో 71 శాతం దాటేసరికి కథ మారుతుంది. అక్కడ ఉష్ణోగ్రత 20 లక్షల డిగ్రీల చిల్లరకి దిగుతుంది. కార్బన్, ఆక్సిజన్, ఇనుము లాంటివి కొన్ని ఎలక్ట్రాన్లను మళ్ళీ పట్టుకోవడం మొదలుపెడతాయి, వెలుగుకి అడ్డం పడతాయి. వెలుగు ఒక్కటే ఆ శక్తినంతా మోయలేదు. అప్పుడు వాయువే కదిలి వేడిని మోస్తుంది. ఆ పొర మందం 2 లక్షల కిలోమీటర్లు. అంత మందం ఉన్నా అందులో ఉన్న సరుకు సూర్యుడి బరువులో 2 శాతం చిల్లరే.

వాయువు కదలాలా వద్దా అన్నది ఎలా తేలుతుంది? 1906లో కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి ఒక షరతు రాశాడు. బ్లాక్ హోల్ గురించి చదివినవాళ్ళకి ఆ పేరు తెలుసు, ఆయనే. ఆ షరతు అర్థం కావాలంటే బెంగళూరు వాళ్ళకి దూరం వెళ్ళక్కర్లేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మామిడి జల్లులు పడతాయి కదా. మధ్యాహ్నం ఎండకి కాగిన గాలి ముద్ద ఒకటి పైకి లేస్తుంది. లేచినకొద్దీ చుట్టూ పీడనం తగ్గి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. ఇది చల్లబడే వేగం కన్నా చుట్టూ ఉన్న గాలి ఎత్తుతోపాటు చల్లబడే వేగం ఎక్కువైతే, ముద్ద ఎప్పుడూ పక్కవాటికన్నా వెచ్చగా, తేలిగ్గా ఉంటుంది. ఇక ఆగదు. పైగా అందులో తేమ ఉంటే, ఆవిరి నీటిబొట్లుగా మారేటప్పుడు వేడి బయటపడి ముద్దని ఇంకా వెచ్చబరుస్తుంది. అందుకే పొడిగాలి కన్నా తేమగాలి మబ్బులు పదిపన్నెండు కిలోమీటర్ల ఎత్తుకి ఎగదన్నుతాయి.

నక్షత్రంలో ఆ తేమ చేసే పనిని హైడ్రోజన్, హీలియం చేస్తాయి. లోపల వేడికి వాటి ఎలక్ట్రాన్లు విడిపోయి ఉంటాయి. వాయువు పైకి లేచి చల్లబడితే ఎలక్ట్రాన్లు తిరిగి వచ్చి అతుక్కుంటాయి, అప్పుడు వేడి విడుదలవుతుంది. ముద్ద వెచ్చగానే ఉంటుంది, ఇంకా పైకి పోతుంది. ఏ ఉష్ణోగ్రతలో ఎంత భాగం ఎలక్ట్రాన్లు విడిపోతాయో లెక్క కట్టే సమీకరణాన్ని మేఘనాద్ సాహా 1920లో ఇచ్చారు. చిత్త ఉపరితలం 20 వేల డిగ్రీల పైమాటే. అక్కడ ఉపరితలం దగ్గరే హైడ్రోజన్ దాదాపు అంతా విడిపోయి ఉంటుంది. కలవడానికి, విడిపోవడానికి లోపల చోటెక్కడ? అందుకే చిత్త బయట ప్రశాంతం. దానికి సంవహనం కేంద్రంలో ఉంటుంది, అది వేరే కథ.

సూర్యుడి మీద ఈ కదలికని కంటితో చూడొచ్చు, తగిన టెలిస్కోప్, ఫిల్టర్ ఉంటే. ఉపరితలం అంతా గింజలు గింజలుగా కనిపిస్తుంది. ఒక్కో గింజ అటూ ఇటూ 1000 కిలోమీటర్లు, అంటే బెంగళూరు నుంచి నాగపూర్ దాకా అనుకోండి. పది నిమిషాల్లోపే చెదిరిపోయి ఇంకోటి వస్తుంది. వెలుగుగా ఉన్నచోట వేడి వాయువు పైకి వస్తోంది, చుట్టూ నల్లటి గీతల్లో చల్లబడినది కిందకి జారుతోంది. 19వ శతాబ్దంలో వీటి అద్భుతమైన ఫోటోలు తీసినవాడు ఫ్రాన్స్‌కి చెందిన జాన్సెన్. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి గుంటూరు వచ్చింది కూడా ఆయనే. గుంటూరులో హీలియం కనిపెట్టారని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నాకూ గుంటూరంటే అభిమానమే కానీ, గ్రహణం లేకుండా కూడా సూర్యుడి అంచు మీద ఎగసే జ్వాలల్ని చూడొచ్చని ఆయన అక్కడ కనిపెట్టడం అసలు ఘనత. పసుపు గీతని చూసి, ఇది కొత్త మూలకం అని పేరు పెట్టింది ఇంగ్లండ్‌లో లాకియర్ వర్గం. సరే, పక్కదారి పట్టాను.

సూర్యుడికి వయసు మీరితే ఏమవుతుంది? ఇంకో 500 కోట్ల సంవత్సరాల తర్వాత కేంద్రంలో హైడ్రోజన్ అయిపోతుంది. హీలియం గర్భం కుంచించుకుపోతుంది, దాని చుట్టూ పెంకులా హైడ్రోజన్ మండుతుంది, బయటి భాగం ఉబ్బుతుంది. ఉబ్బితే చల్లబడాలి, చల్లబడుతుంది. కానీ ఎంతవరకు? ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. రోహిణి, స్వాతి, జ్యేష్ఠ, ఆరుద్ర, వీటి పరిమాణాల్లో ఎంత తేడా ఉందో చూశారు. బరువుల్లోనూ చాలా తేడా. ఉపరితల ఉష్ణోగ్రతలు మాత్రం సుమారు 3500 నుంచి 4300 డిగ్రీల మధ్యే ఇరుక్కుని ఉన్నాయి. ఏదో గోడ అడ్డం ఉన్నట్టు.

ఆ గోడ నిజంగానే ఉంది. సూర్యుడి లాంటి, అంతకన్నా చల్లటి నక్షత్రాల ఉపరితలంలో వెలుగుకి అడ్డుపడేది ముఖ్యంగా ఒక ఎలక్ట్రాన్ అదనంగా తగిలించుకున్న హైడ్రోజన్. రూపర్ట్ విల్ట్ 1939లో దీన్ని గుర్తించాడు, మన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన చంద్రశేఖర్ 1940లలో దాని లెక్కలు పక్కాగా తేల్చారు. ఆ అదనపు ఎలక్ట్రాన్‌కి పట్టు చాలా తక్కువ, కొంచెం కదిపితే ఊడిపోతుంది. దాన్ని ఇచ్చేవి సోడియం, కాల్షియం లాంటి లోహాలు. ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గితే చాలు, ఆ లోహాలు ఎలక్ట్రాన్లు ఇవ్వడం మానేస్తాయి, అడ్డు హఠాత్తుగా పడిపోతుంది. అడ్డు పోతే మనకి ఇంకా లోపలి, ఇంకా వేడి పొర కనిపిస్తుంది. అంటే నక్షత్రం ఒక హద్దు దాటి చల్లగా కనిపించడం కుదరదు. లోపల శక్తి పెరిగితే రంగు మార్చుకోవడం కుదరదు కాబట్టి సైజు పెంచుకుంటుంది. పూర్తిగా సంవహనంతో నిండిన నక్షత్రానికి ఈ హద్దు ఎక్కడుంటుందో 1961లో క్యోటోలో హయాషి లెక్కగట్టాడు. నక్షత్రాలు పుట్టేటప్పుడూ ఈ గోడ పక్కనుంచే దిగుతాయి, ముసలైనప్పుడు మళ్ళీ దాని పక్కనుంచే ఎక్కుతాయి. ఇంత చిన్న అణువు సంగతి అంత పెద్ద నక్షత్రం వెడల్పుని నిర్ణయిస్తుంది అన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నక్షత్రం ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి సంవహన పొర లోతుకి దిగుతుంది. ఇప్పుడు సూర్యుడి బరువులో 2 శాతం ఉన్నది, రెడ్ జయింట్ దశలో, అంటే ఇలా ఉబ్బి ఎర్రబడిన దశలో, నాలుగింట మూడొంతుల దాకా ఆక్రమిస్తుంది. అలా దిగి, అంతకుముందు అణుచర్యలు జరిగిన చోటుని తాకి, అక్కడి సరుకుని తోడి ఉపరితలానికి తెస్తుంది. లోపల వంట ఏం జరిగిందో మనకి తెలిసే దారి ఇదే. స్వాతిని చూడండి. కార్బన్‌లో బరువు 12 ఉన్నది, 13 ఉన్నది అని రెండు రకాలున్నాయి. సూర్యుడిలో 13 రకం ఒక్కటుంటే 12 రకం 89 ఉంటుంది. తోడకం జరిగాక ఇది 20, 30 మధ్యకి తగ్గాలని సిద్ధాంతం. స్వాతిలో కొలిస్తే 7 దగ్గర ఉంది! అంటే తోడకం అయిపోయాక కూడా, సంవహన పొర కింద ప్రశాంతంగా ఉండాల్సిన చోట ఏదో మెల్లగా కలుపుతూనే ఉంది. అది ఏ యంత్రాంగం అన్నదాని మీద 2007 నుంచి ఒక బలమైన ప్రతిపాదన ఉంది. బరువైన వాయువు తేలికైన దాని మీద చేరితే సన్నటి వేళ్ళలా కిందకి దిగుతుందని. సముద్రంలో ఉప్పునీళ్ళకి జరిగేదే. అందరూ ఒప్పుకోలేదు.

తోడకానికి ఇంకా ఘనమైన సాక్ష్యం టెక్నీషియం. దాని రకాలన్నీ రేడియోధార్మికాలే, స్థిరమైనది ఒక్కటీ లేదు. నక్షత్రాల్లో తయారయ్యే రకానికి అర్ధజీవితం, అంటే సగం తరిగిపోయే కాలం, 2 లక్షల సంవత్సరాల చిల్లర. 1952లో పాల్ మెరిల్ కొన్ని ముసలి ఎర్ర నక్షత్రాల వర్ణపటంలో టెక్నీషియం గీతలు చూశాడు. కోట్ల ఏళ్ళ వయసున్న నక్షత్రం మీద లక్షల ఏళ్ళలో మాయమయ్యే మూలకం! పుట్టుకతో వచ్చింది కాదు. లోపల ఇటీవలే తయారైంది, సంవహనం పైకి తెచ్చింది. నక్షత్రాలు మూలకాల్ని వండుతాయి అనడానికి అంతకన్నా నేరుగా సాక్ష్యం అప్పటికి లేదు.

లిథియం సంగతి బెంగళూరుకి దగ్గరిది, కాబట్టి కాస్త ఆగుదాం. మీ ఫోన్ బ్యాటరీలో ఉన్న లిథియమే. ఇది నక్షత్రాల్లో సున్నితమైన పదార్థం. 25 లక్షల డిగ్రీల దగ్గరే కాలిపోతుంది. సంవహన పొర లోతుకి దిగితే ఉపరితలంలోని లిథియం పలచబడుతుంది, రెడ్ జయింట్లలో లిథియం దాదాపు లేకుండా పోవాలి. ఎక్కువ వాటిలో అలాగే ఉంది. కానీ 1982లో వాలర్‌స్టీన్, స్నీడెన్ ఒక రెడ్ జయింట్‌లో చాలా ఎక్కువ లిథియం కనుక్కున్నారు. తర్వాత అలాంటివి ఇంకా దొరికాయి, నూటికి ఒకటి చొప్పున. ఇదెక్కడినుంచి వచ్చింది? గ్రహాల్ని మింగేసిందా? ముప్పై ఏళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.

మన కోరమంగలలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఉంది కదా, అక్కడ ఈశ్వర్ రెడ్డి, ఆయన విద్యార్థి భరత్ కుమార్, టెక్సస్‌కి చెందిన లాంబర్ట్‌తో కలిసి 2011లో ఒక పేపర్ వేశారు. సుమారు 2000 రెడ్ జయింట్లని పరిశీలించారు, కావలూరు టెలిస్కోప్ కూడా అందులో పనికొచ్చింది. లిథియం ఎక్కువున్నవి ఎక్కడపడితే అక్కడ లేవు, కేంద్రంలో హీలియం అప్పుడే అంటుకున్న దశలో గుమిగూడి ఉన్నాయి. సూర్యుడిలాంటి నక్షత్రంలో గర్భం 10 కోట్ల డిగ్రీలకి చేరితే హీలియం ఒక్కసారిగా భగ్గుమంటుంది. దాన్ని హీలియం ఫ్లాష్ అంటారు, బయటికి కనపడదు. లిథియం అప్పుడే తయారవుతోందని వాళ్ళ వాదన. 2020లో ఇదే బృందం మరికొందరితో కలిసి, ఆస్ట్రేలియా సర్వే డేటాతో ఇంకా పెద్ద మాట అన్నది. లిథియం ఏ ఒకటో రెండో నక్షత్రాలకి కాదు, ఈ దశకి వచ్చిన తక్కువ బరువు నక్షత్రాలన్నిటికీ పెరుగుతోంది, సగటున 40 రెట్లు అని. అదే నిజమైతే మన సూర్యుడూ ఏదో ఒకనాడు లిథియం చేస్తాడు.

దీన్ని ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. చిక్కు ఎక్కడుందంటే, లిథియం తయారీకి ముందు బెరీలియం-7 తయారవ్వాలి. అది లిథియంగా మారే అర్ధజీవితం 53 రోజులు. ఆ లోపు దాన్ని వేడిగా ఉన్న చోటునుంచి చల్లటి చోటుకి చేర్చాలి, లేకపోతే పుట్టిన లిథియం పుట్టినచోటే కాలిపోతుంది. కామెరాన్, ఫౌలర్ 1971లో చెప్పిన దారి ఇది. హీలియం ఫ్లాష్ సమయంలో ఆ మోసే పని చేసేది ఎవరు? మన లెక్కల ప్రకారం గర్భానికీ బయటి సంవహనానికీ మధ్య కదలిక లేని పొర అడ్డం ఉంది. పరిశీలన ఒకటి చెబుతోంది, సిద్ధాంతం దాన్ని మోయలేకపోతోంది. నాకు మాత్రం పరిశీలన వైపే మొగ్గు.

ఎందుకంటే సిద్ధాంతం మీద నాకు ఉన్న గౌరవం ఈ ఒక్క విషయంలో కాస్త తక్కువ. కారణం చెబుతాను. నక్షత్రాల లోపలి సంవహనాన్ని లెక్కించడానికి ప్రపంచమంతా వాడే పద్ధతి 1958లో ఎరికా బోమ్-విటెన్సే రాసినది. వాయు ముద్ద కొంత దూరం పైకి పోయి, చుట్టూ ఉన్నదానిలో కలిసిపోతుంది అనుకుంటారు. ఎంత దూరం? అది సిద్ధాంతం చెప్పదు. ఒక సంఖ్య మనమే పెట్టాలి. ఏ సంఖ్య పెడితే ఇవాళ్టి సూర్యుడి వ్యాసార్థం సరిగ్గా వస్తుందో చూసి, అదే పెడతారు. రెండుకి అటూ ఇటూ వస్తుంది. ఆ సంఖ్యనే తీసుకెళ్ళి రోహిణికీ, ఆరుద్రకీ వాడతారు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక కస్టమర్ దగ్గర ట్యూన్ చేసిన పారామీటర్‌ని ఇంకే టెస్ట్ లేకుండా అందరికీ పెడితే మీ మేనేజర్ ఊరుకుంటాడా? (నవ్వులు) ఈ సంఖ్య మారితే రెడ్ జయింట్ ఉష్ణోగ్రత మారుతుంది, దాంతో మనం చెప్పే వయసులూ మారతాయి.

ఆవిడ తప్పేం లేదు. 1958లో చేతిలో ఉన్న సాధనాలకి అది గొప్ప పని. ఇప్పుడు కంప్యూటర్లలో మూడు కొలతల్లోనూ వాయువుని కదిలించి చూస్తున్నారు. ఉపరితలం వరకు అవి అద్భుతంగా సరిపోతున్నాయి. అవి నేర్పిన ముఖ్యమైన సంగతి, అసలు ఊపు పైనుంచి వస్తుంది. ఉపరితలంలో చల్లబడి బరువెక్కిన వాయువు సన్నటి ధారలుగా కిందకి దూకుతుంది, వెచ్చటిది దాని చోటు నింపడానికి నెమ్మదిగా లేస్తుంది. కానీ లోతుకి వెళ్తే సూర్యుడిలోనే తేలలేదు. 2012లో శ్రవణ్ హనసోగె, డువాల్, ఇక్కడ బెంగళూరులోనే చదువుకున్న కాటేపల్లి శ్రీనివాసన్ కలిసి, సూర్యుడి లోపలి ధ్వనితరంగాల నుంచి పెద్ద ప్రవాహాల వేగం కొలిచారు. కంప్యూటర్ చెప్పినదానికన్నా కనీసం 20 రెట్లు తక్కువ వచ్చింది. వేరే పద్ధతిలో కొలిచినవాళ్ళకి అంత తక్కువ రాలేదు. వివాదం నడుస్తోంది.

ఇక చివరగా గింజల సైజు. గింజ ఎంత పెద్దదో నిర్ణయించేది ఉపరితల గురుత్వం. గురుత్వం తక్కువైతే వాతావరణం మందంగా పరుచుకుంటుంది, గింజ అంత పెరుగుతుంది. సూర్యుడి మీద ఒక్కసారి చూస్తే లక్షల గింజలుంటాయి. రెడ్ జయింట్లు, ఆరుద్ర లాంటి సూపర్ జయింట్ల మీద అవి ఎంత పెద్దవంటే, మొత్తం ఉపరితలానికి కొద్ది గింజలే పడతాయని 1975లో మార్టిన్ ష్వార్జ్‌షిల్డ్ అన్నాడు. అవును, కార్ల్ కొడుకే. నాన్న 1916లో చనిపోయేనాటికి ఈయనకి నాలుగేళ్ళు నిండలేదు. ఆ మాట కళ్ళారా చూడటానికి నలభై ఏళ్ళు పైనే పట్టింది. డొరాడో రాశిలో ఆర్ డొరాడస్ అనే నక్షత్రం ఉంది, 180 కాంతి సంవత్సరాల దూరం, సూర్యుడంత బరువే, వెడల్పు 350 రెట్లు. 2023లో చిలీలోని ఆల్మా టెలిస్కోపులతో కొన్ని వారాలు వరుసగా దాన్ని చూశారు. సూర్యుడికి 75 రెట్లుండే బుడగలు పైకి వచ్చి మునుగుతున్నాయి, నెలకొకసారి చొప్పున. అనుకున్నదానికన్నా వేగంగా. నేను చెప్పిన సూర్యుడి సంఖ్య అక్కడ పనిచెయ్యట్లేదన్న అనుమానం నాకు బలపడింది ఆ పేపర్ చదివాకే.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: సార్, 2020లో ఆరుద్ర పేలిపోతుందని వాట్సాప్ నిండా వచ్చింది. అదేంటి?)

బాగా అడిగారమ్మా. 2019 చివర్లో అది మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో మూడోవంతుకి దగ్గరపడింది. కంటికే తేడా తెలిసింది. తర్వాత తేలిందేమిటంటే, ఒక పెద్ద సంవహన ముద్ద పైకి వచ్చి కొంత వాయువుని బయటికి చిమ్మింది. అది చల్లబడి ధూళిగా మారి మనవైపు అడ్డం వచ్చింది. ఆ ముద్ద లేచిన చోట ఉపరితలం కూడా చల్లబడింది. ఏప్రిల్‌కల్లా వెలుగు మళ్ళీ వచ్చేసింది.

(అదే వ్యక్తి: మరి నిజంగా పేలేముందు ఇలాగే మసకబారుతుందా?)

దానికి ఆధారం లేదు. ఆరుద్ర ఎప్పటికైనా పేలేదే, బహుశా లక్ష సంవత్సరాల్లోపు. కానీ చివరి దశలు గర్భంలో మహా వేగంగా నడుస్తాయి. సిలికాన్ మండే దశ కొద్ది రోజులే. ఇంత లావు పొర గుండా ఆ సంగతి వేడి రూపంలో బయటికి రావడానికి ఆ వ్యవధి చాలదు. కాబట్టి రేపు మళ్ళీ ఆరుద్ర మసకబారితే, అది పై పొర సంగతే అనుకోండి. గర్భం కూలే కబురు ముందుగా తెచ్చేవి న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు. వాటికి ఈ పొరలు అడ్డమే కాదు. అవి భూమ్మీది డిటెక్టర్లలో పడ్డాక, కొన్ని గంటలకి గానీ కంటికి కనిపించే మార్పు మొదలవదు.